పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు: గేటు లోపల ఒక్కటే నెట్ కంపెనీ

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారి నుంచి ఈ మధ్య మాకు అందుతున్న ఉత్తరాల్లో ఇంటి ఇంటర్నెట్ గురించినవి బాగా పెరిగాయి. ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కో తీరుగా ఉన్నా, ఎక్కువమంది అడుగుతున్నది ఒక్కటే: వీధిలో నాలుగు కంపెనీల తీగలు వేలాడుతుండగా మా ఇంటికి మాత్రం ఒక్క కంపెనీయే దిక్కు ఎందుకవుతోంది, అది అడిగినంతా మేమెందుకు కట్టాలి? అందువల్ల ఈ సంచికలో పేజీ మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాం. ఉత్తరాలను కొంత కుదించాం, కంపెనీలపై ఫిర్యాదులున్నచోట వాటి పేర్లు తీసేశాం.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో మూడు వందల ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. నేనూ మావారూ ఇంటి నుంచే పనిచేస్తాం. మా కాంప్లెక్సులో ఒకే ఒక్క కంపెనీ ఇంటర్నెట్ ఇస్తుంది. 50 ఎంబీపీఎస్ వేగానికి నెలకు 799 రూపాయలు, పన్ను అదనం. ఎదురుగా ఉన్న చిన్న అపార్ట్‌మెంటులో మా చెల్లెలు ఉంటుంది. అదే డబ్బుకు వాళ్లకు రెట్టింపు వేగం వస్తోంది, పైగా అక్కడ మూడు కంపెనీలున్నాయి. మేం వేరే కంపెనీవాళ్లను పిలిపిస్తే సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపేశారు. అసోసియేషన్‌ను అడిగితే, "బిల్డర్ కాలం నుంచి అగ్రిమెంటు ఉందమ్మా, మా చేతుల్లో ఏమీ లేదు" అంటున్నారు. ఇది న్యాయమేనా? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, సర్జాపుర రోడ్డు

జవాబు: న్యాయం కాదు. సొంత ఇంట్లోకి ఏ కంపెనీ తీగ రావాలో ఇంటివాళ్లు నిర్ణయించుకోలేకపోవడం, వాళ్లు ఎన్నడూ చూడని కాగితం మీద మరెవరో సంతకం పెట్టి ఆ నిర్ణయాన్ని ముగించేయడం మన నగరాల్లో మామూలైపోయింది. మామూలైపోయినంత మాత్రాన అది సరైనది కాబోదు. మీరు నెలనెలా కడుతున్నది 799 మాత్రమే కాదన్న సంగతి కూడా గమనించండి. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 942 రూపాయల 82 పైసలవుతుంది, అంటే ఏడాదికి పదకొండు వేల మూడు వందల పైచిలుకు. ఇంటర్నెట్ ప్రకటనల్లో ధరను సాధారణంగా పన్ను కలపకుండానే వేస్తారు కాబట్టి చాలామంది ఈ లెక్క వేసుకోరు.

మీ సమస్య సాంకేతికమైనది కాదు. ఎదురింటికి మూడు కంపెనీలు వస్తున్నాయంటే ఫైబర్ మీ ప్రహరీ గోడ దాకా వచ్చి ఆగిందన్నమాట. అక్కడి నుంచి మీ ఫ్లాటు దాకా రావాలంటే బేస్‌మెంటులో ఒక పెట్టె పెట్టుకునేంత చోటు, దానికి కరెంటు, ప్రతి బ్లాకులో పై అంతస్తుల దాకా వెళ్లే షాఫ్టు, షాఫ్టు నుంచి మీ గుమ్మం దాకా ఒక పైపు కావాలి. ఒకసారి మీ అంతస్తులో లిఫ్టు పక్కనుండే షాఫ్టు తలుపు తీయించి చూడండి. గోడకు బిగించిన చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి, అందులోంచి ఒక్కో ఫ్లాటుకు వెళ్లే సన్నని తీగలు, వాటికి అంటించిన ఫ్లాటు నంబర్ల చీటీలు కనబడతాయి. కింది నుంచి వచ్చే ఒకే ఒక్క ఫైబర్ పోగును స్ప్లిట్టర్లతో చీల్చి 32 ఇళ్లకు, కొన్నిచోట్ల 64 ఇళ్లకు పంచుతారు కాబట్టి, ఒక బ్లాకు మొత్తానికి ఒక కంపెనీ వాడుకునే చోటు చాలా తక్కువ. అలాంటి పెట్టెలు మరో రెండు పెట్టడానికి ఆ షాఫ్టులో సాధారణంగా స్థలం ఉంటుంది. లేనిదల్లా అనుమతి.

అనుమతి ఎందుకు లేదో తెలియాలంటే భవనం కడుతున్న రోజులకు వెళ్లాలి. ఆ దశలోనే ఒక కంపెనీ బిల్డర్ దగ్గరకు వచ్చి, బ్లాకులన్నిటికీ తన ఖర్చుతోనే తీగ లాగుతానంటుంది. క్లబ్‌హౌసులో వైఫై, గేటు దగ్గర సీసీ కెమెరాలకు కనెక్షన్ ఉచితంగా ఇస్తానంటుంది. కొన్నిచోట్ల ఒక్కో కనెక్షన్‌కు ఇంత అని కమీషన్ కూడా ముట్టజెబుతుంది. బదులుగా ఇన్నేళ్లపాటు మరెవరినీ లోపలికి రానివ్వబోమని రాయించుకుంటుంది. ముందుగా పెట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి రెండు మూడేళ్ల గడువు అడిగితే అందులో కొంత అర్థం ఉంది. అంతకు మించి ఏళ్లకు ఏళ్లు నివాసులను కట్టిపడేయడానికి ఏ సమర్థనా లేదు. క్లబ్‌హౌసులోని ఆ ఉచిత వైఫై ఖర్చూ, ఆ కమీషనూ చివరికి రాబట్టుకునేది మీరు కట్టే 799లోంచే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ పరిస్థితిని 2017 జనవరిలోనే పట్టించుకుంది. భవనాల లోపల ఒకే కంపెనీకి ప్రత్యేక హక్కు కట్టబెట్టే ఒప్పందాల వల్ల అక్కడ ఉండేవాళ్లకు ఎంపిక లేకుండా పోతోందని, లోపలి సదుపాయాలను కంపెనీలు పంచుకునేలా చూడాలని కేంద్రానికి సిఫార్సు చేసింది. సిఫార్సు సిఫార్సే, దానికి చట్టబలం ఉండదు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రభుత్వ స్థలాల విషయంలో, వివక్ష లేకుండా, వీలైనంతవరకు ఏ ఒక్కరికో పరిమితం కాకుండా అనుమతులివ్వాలని చెప్పింది. ప్రైవేటు ఆస్తి విషయానికి వచ్చేసరికి ప్రధానంగా యజమానితో కుదుర్చుకునే ఒప్పందానికి వదిలింది. అందువల్లనే మీ గేటు బయట పోటీ కనిపిస్తోంది, లోపల కనిపించడం లేదు. 2024 అక్టోబరులో ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు కూడా తెచ్చింది. అవి తప్పనిసరి కావు. కొత్తగా ఫ్లాటు కొనబోయేవారు బిల్డర్‌ను నిలదీయడానికి పనికొస్తాయి, ఇప్పటికే కాపురముంటున్న మీకు నేరుగా ఉపయోగపడవు.

అయినా "మా చేతుల్లో లేదు" అన్న మాటను మీరు ఒప్పుకోవద్దు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం ఉమ్మడి స్థలాలను బిల్డర్ అసోసియేషన్‌కు అప్పగించాలి. షాఫ్టు, బేస్‌మెంటు, టెర్రస్ మీ అందరి ఉమ్మడి ఆస్తి. అప్పగింత జరిగిన తర్వాత ఆ అగ్రిమెంటును నడిపిస్తున్నది బిల్డర్ కాదు, అసోసియేషనే. కాబట్టి మొదట చేయవలసిన పని, నలుగురైదుగురు ఓనర్లు కలిసి సంతకాలు చేసి ఆ అగ్రిమెంటు ప్రతిని రాతపూర్వకంగా అడగడం. ఈ మాట వాట్సాప్ గ్రూపులో అడిగితే వాదన పెరుగుతుందే తప్ప అది రికార్డులోకి ఎక్కదు. కమిటీకి ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి, లేదా ఈమెయిల్ పంపండి.

కాగితం చేతికొచ్చాక దాన్ని తీరికగా చదవండి. సంతకం చేసింది బిల్డరా, అసోసియేషనా? గడువు ఎప్పుడు ముగుస్తుంది? ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే దానంతటదే పొడిగించుకునే షరతు ఉందా? ఉంటే, ముగింపుకు ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి? ఆ నోటీసు గడువు జారిపోతే మరికొన్నేళ్లు ఇరుక్కుపోతారు కాబట్టి ఆ తేదీ ఒక్కటీ తప్పకుండా రాసిపెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మరెవరినీ రానివ్వకూడదన్న షరతు నిజంగా ఉందో లేదో చూడండి. కొన్నిచోట్ల కాగితం మీద ఉన్నది స్థలం వాడుకోవడానికి ఇచ్చిన మామూలు అనుమతి మాత్రమే. మిగతావాళ్లను ఆపడం కమిటీల అలవాటుగా మారి, కాలక్రమంలో రూలుగా చెలామణి అవుతోంది. కంపెనీ నుంచి అసోసియేషన్ ఖాతాకు డబ్బు వస్తుంటే అది వార్షిక లెక్కల్లో కనిపించాలి. కనిపించకపోతే అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది.

తర్వాత మెట్టు సర్వసభ్య సమావేశం. కనీసం రెండు కంపెనీలకు ప్రవేశం ఇవ్వాలన్న తీర్మానాన్ని ముందుగానే అజెండాలో పెట్టించండి. ఈలోగా ఇంటింటికీ తిరిగి, మారడానికి సిద్ధంగా ఉన్నవారి సంతకాలు సేకరించండి. ఒక్క ఫ్లాటు కోసం ఏ కంపెనీ తీగ లాగదు. యాభై అరవై ఇళ్లవాళ్ల సంతకాలున్న కాగితం చూపిస్తే కంపెనీల సేల్స్ వాళ్లే మీ కమిటీతో మాట్లాడటానికి వస్తారు. ఇప్పుడున్న కంపెనీని వదలడం ఇష్టంలేని వాళ్ల చేత కూడా సంతకం పెట్టించండి. రెండో కంపెనీ లోపలికొచ్చాక మొదటి కంపెనీ తన ప్లాన్లను సవరించుకోక తప్పదు కాబట్టి మారనివాళ్లకూ అందులో లాభముంది. అద్దెకుండేవారికి సమావేశంలో ఓటు ఉండదు, కానీ వాళ్లు తమ ఓనర్లకు ఫోన్ చేసి చెప్పించవచ్చు.

దీనికన్నా మేలైన మార్గం మరొకటి ఉంది. బేస్‌మెంటులోని ఒక గది నుంచి ప్రతి ఫ్లాటుకూ రెండేసి పోగుల ఫైబర్‌ను అసోసియేషన్ తన డబ్బుతో వేయించుకుని, ఏ కంపెనీ అయినా ఆ గది వరకే వచ్చి అక్కడ కలుపుకోవాలని షరతు పెట్టవచ్చు. అప్పుడు కంపెనీ మారడమంటే ఆ గదిలో ఒక కొస తీసి మరొక చోట గుచ్చడమే. ఎవరి గోడకూ మళ్లీ రంధ్రం పడదు. తీగ మీదైనప్పుడు "మేం ఖర్చు పెట్టాం, మా తీగ" అనే వాదన కూడా ఎవరూ చేయలేరు. రంగులు వేయించడానికి నిధి పోగుచేసుకోగలిగిన మూడు వందల ఇళ్లకు ఇది మోయలేని ఖర్చు కాదని నా నమ్మకం.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా ఊళ్లో ఏపీ ఫైబర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇచ్చారు. ఇక్కడ కాడుగోడిలో మా అబ్బాయి ఒక్క ఇంటర్నెట్‌కే దానికి నాలుగైదు రెట్లు కడుతున్నాడు. అంత తేడా ఎందుకు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాడుగోడి

జవాబు: రెండూ ఒకే సరుకు కావు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ పథకంలో 149 రూపాయల ప్యాక్‌కు 15 ఎంబీపీఎస్ వేగం, అదీ చిన్న డేటా పరిమితి వరకే ఉండేది. ఇంటి నుంచి ఆఫీసు పనిచేసేవారికి అది ఒక రోజుకు కూడా చాలదు. అయితే ఆ ధర సాధ్యం కావడానికి ఒక కారణాన్ని మాత్రం బెంగళూరు గమనించాలి. అక్కడ ప్రభుత్వం రోడ్లు తవ్వకుండా తన కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగి, ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్ల చేత ఇళ్లకు అందించింది. తవ్వకం ఖర్చు లేకపోతే ధర ఎంత దిగుతుందో తెలుసుకోవడానికి అదొక ఉదాహరణ. ఇక్కడ స్తంభాల పరిస్థితి ఎలా ఉందో తర్వాతి ఉత్తరం చెబుతోంది.

ప్రశ్న: హొరమావులో సొంతిల్లు. మా వీధిలో కరెంటు స్తంభాల మీదున్న కేబుళ్లన్నీ కోసిపడేశారు. ఐదు రోజులుగా నెట్ లేదు. కేబుల్ అబ్బాయి ఫోన్ ఎత్తడు. ఎత్తినా, "కోసింది గవర్నమెంటు, మేమేం చేస్తాం అక్కా" అంటాడు. అమ్మాయి ఆన్‌లైన్ కోచింగ్ ఫోను డేటా మీద నడుస్తోంది. ఈ ఐదు రోజుల డబ్బు వెనక్కి అడగవచ్చా? ఈ వీధికి వేరే కంపెనీ కూడా లేదు.
— ఒక గృహిణి, హొరమావు

జవాబు: తప్పకుండా అడగవచ్చు, అడగాలి. 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, ఇంటికి తీగ ద్వారా ఇచ్చే సేవ మూడు రోజులకు మించి నిలిచిపోతే కంపెనీ వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. నెల చివర బిల్లు కట్టేవారికి అద్దెలో తగ్గింపు రూపంలో, ముందే డబ్బు కట్టేవారికి గడువు పొడిగింపు రూపంలో అది అందుతుంది. మీరు డబ్బు కట్టింది కంపెనీకి, స్తంభాల శాఖకు కాదు. తీగ ఎవరు కోసినా మీకు జవాబు చెప్పవలసింది కంపెనీయే.

అయితే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయడం ఫిర్యాదు చేసినట్టు కాదు. అతను సాధారణంగా కంపెనీ ఉద్యోగి కాడు, ఆ వీధి కనెక్షన్లు చూసుకునే ఫ్రాంచైజీ మనిషి. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి లేదా వాళ్ల యాప్‌లో ఫిర్యాదు నమోదు చేసి, డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు కంపెనీ ఇచ్చే సంఖ్య, తీసుకోండి. ఆ నంబరు పుట్టిన క్షణం నుంచే గడువులు లెక్కకొస్తాయి. ఐదు రోజులుగా నెట్ లేకపోయినా మీరు నంబరు తీసుకోకపోతే కంపెనీ రికార్డులో మీ ఇంట్లో నెట్ బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. ఫిర్యాదుకు సరైన పరిష్కారం రాకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. 2012 నాటి నిబంధనల ప్రకారం ఆ అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ ఫలితం లేకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి వెళ్లవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తుంటారు, కానీ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించడం ట్రాయ్ పని కాదు.

తీగలు కోసినవారి పక్షాన కూడా ఒక మాట ఉంది. పనికిరాని పాత కేబుళ్లను తీయకుండా కొత్తవి కట్టుకుంటూ పోయిన కంపెనీల వల్ల మన వీధుల్లో స్తంభం స్తంభానికీ చుట్టలు వేలాడుతున్నాయి. అవి ఫుట్‌పాత్ మీదికి జారి నడిచేవారికీ, బైకుల మీద వెళ్లేవారికీ ప్రమాదమవుతున్నాయి. స్తంభమెక్కే లైన్‌మన్‌కు అవి మరీ ప్రమాదకరం. తన స్తంభాల మీది అనుమతి లేని తీగలను తొలగిస్తామని బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాం 2024లో గట్టిగానే హెచ్చరించింది. హెచ్చరిక సబబే. కానీ కోసిన తీగ ఎక్కడి నుంచి వెళ్లాలో చూపించనిదే కోయడం వల్ల వీధికి జరిగే మేలు సగమే. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు వంటి, టెండర్ ష్యూర్ పథకం కింద కొత్తగా తీర్చిదిద్దిన రోడ్లలో తీగల కోసం భూమి కిందే గొట్టాలు వేశారు. అక్కడ కొత్త కంపెనీ రావాలంటే రోడ్డు తవ్వనక్కర్లేదు, స్తంభం ఎక్కనక్కర్లేదు. నగరం నడిబొడ్డున ఉన్న ఆ సదుపాయం హొరమావు వంటి శివారు వీధులకు రానంతకాలం మీకు రెండో కంపెనీ దొరకడం కష్టం. మీ వీధికి డ్రైనేజీ పనో, కొత్త తారు పనో మంజూరైనప్పుడు, ఆ గుంతలోనే ఖాళీ గొట్టం ఒకటి వేయించమని వార్డు ఇంజనీరుకు వీధివాళ్లంతా కలిసి అర్జీ ఇవ్వండి. రోడ్డు పూడ్చేశాక అడిగితే మళ్లీ తవ్వకం ఖర్చు ఎవరూ పెట్టరు.

ప్రశ్న: యెలహంకలో పైఅంతస్తు ఫ్లాటు. ఇద్దరం పెద్దవాళ్లం. పిల్లలు అమెరికాలో ఉన్నారు, రోజూ వీడియో కాల్ తప్పనిసరి. ఇక్కడున్న ఒకే ఫైబర్ కంపెనీతో విసిగిపోయాం. తీగ లేకుండా 5జీతో ఇంటికి ఇంటర్నెట్ వస్తుందంటున్నారు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, యెలహంక న్యూటౌన్

జవాబు: మీ అవసరానికి అది సరిపోవచ్చు. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న బెంగళూరు, చెన్నై, హైదరాబాదులతో సహా ఎనిమిది నగరాల్లో మొదలైంది. అప్పట్లో మొదటి ప్లాన్ 30 ఎంబీపీఎస్‌కు 599 రూపాయలు, పన్ను అదనం. ఎయిర్‌టెల్ కూడా ఇటువంటి సేవను అదే ఏడాది తెచ్చింది. ధరలు మారుతుంటాయి కాబట్టి తీసుకునే రోజున చూసుకోండి. ఇద్దరు మనుషులున్న ఇంట్లో వీడియో కాల్‌కూ టీవీకీ 30 ఎంబీపీఎస్ పుష్కలం.

మూడు విషయాలు మాత్రం ముందే తేల్చుకోండి. ఈ సేవ సమీపంలోని మొబైల్ టవర్ నుంచి గాలిలో వస్తుంది కాబట్టి, సాయంత్రం చుట్టుపక్కల ఫోన్లన్నీ వాడకంలో ఉన్నప్పుడు వేగం తగ్గవచ్చు. బిగించడానికి వచ్చిన మనిషి మధ్యాహ్నం చూపించే వేగాన్ని నమ్మకుండా, రాత్రి తొమ్మిదింటికి అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోనుతో మీ బాల్కనీలో పరీక్షించి చూడండి. ఇక నెలవారీ డేటా పరిమితి ఫైబర్ కన్నా ఇందులో తక్కువగా ఉంటుంది, అయితే మీ ఇద్దరి వాడకానికి అది అడ్డు కాకపోవచ్చు. మూడోది అందరూ మరచిపోయేది. సిగ్నల్ బలహీనంగా ఉన్న ఇళ్లకు బయట బిగించే పెట్టెను టెర్రస్ మీద పెడతారు. టెర్రస్ ఉమ్మడి స్థలం. దానికి మళ్లీ మీ అసోసియేషన్ అనుమతి కావాలి. బాల్కనీ గ్రిల్‌కు బిగిస్తే చాలునేమో అడిగి చూడండి. బిగించి వారం పది రోజులు చూసేవరకు పాత ఫైబర్ కనెక్షన్ రద్దు చేయకండి.

ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి కూడా కొందరు అడిగారు. ఆ సేవ ఇచ్చే స్టార్‌లింక్ కంపెనీకి 2025 జూన్‌లో మన దేశంలో టెలికాం శాఖ లైసెన్సు వచ్చింది. తీగ వెళ్లలేని కొండ ప్రాంతాలకూ మారుమూల పల్లెలకూ అది వరమవుతుంది. పక్క వీధిలో ఫైబర్ ఉన్న నగరవాసి దాని మీద ఆశ పెట్టుకోవడం కన్నా ఆ ఫైబర్‌ను తన వీధికి రప్పించుకోవడం మేలు.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నాను. ఫోనులో చూస్తే 30 దాటడం లేదు. ఫిర్యాదు చేస్తే 200 ప్లాన్‌కు మారమంటున్నారు. మోసమా?
— ఒక ఐటీ ఉద్యోగి, మారతహళ్లి

జవాబు: మోసమో కాదో తెలియాలంటే ముందు ఫోను పక్కన పెట్టండి. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ తీగతో నేరుగా కలిపి, ఇంట్లో మిగతా పరికరాల వైఫై ఆపి, అప్పుడు వేగం చూడండి. అక్కడ 90కి పైన వస్తే కంపెనీ తన మాట నిలబెట్టుకుంటోంది, లోపం ఇంట్లోని వైఫైలో ఉంది. మన ఇళ్లలో రౌటర్‌ను తీగ లోపలికొచ్చిన చోటే, అంటే గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పైనో, టీవీ వెనకో బిగిస్తారు. రెండు కాంక్రీటు గోడల అవతలి పడకగదిలో ఫోను 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అతుక్కుంటుంది. చుట్టూ ఉన్న పది ఫ్లాట్ల రౌటర్లూ అదే దారిలో ఉంటాయి కాబట్టి 30 రావడంలో వింత లేదు. రౌటర్‌ను ఇంటి మధ్యకు మార్పించి, 5 గిగాహెర్ట్జ్ పేరుతో కనబడే వైఫైకి ఫోనును కలిపి చూడండి. ఈ పరిస్థితిలో 200 ప్లాన్‌కు మారితే బిల్లు పెరుగుతుంది, పడకగదిలో వేగం మాత్రం అంతే ఉంటుంది. అలా మారమని చెప్పిన మనిషి మీ మేలు కోరి చెప్పలేదు.

లాన్ తీగతో చూసినా 30 దాటకపోతే తప్పు కంపెనీదే. లైన్‌మన్ వచ్చినప్పుడు పవర్ మీటరుతో ఫైబర్ కొస దగ్గర రీడింగ్ చూపించమని అడగండి. సిగ్నల్ బలాన్ని చూపే ఆ అంకె మైనస్ 20 డీబీఎంకు అటూఇటుగా ఉంటే మంచిదే. మైనస్ 27 దాటి కిందికి పోతోందంటే, దారిలో ఎక్కడో తీగ ఎక్కువగా వంగిందనో, జాయింటు సరిగా పడలేదనో అర్థం. అప్పుడు రౌటర్ మార్చడం వల్లా, ప్లాన్ మార్చడం వల్లా ఉపయోగం లేదు, జాయింటు తిరిగి వేయవలసిందే. ఆ రీడింగ్‌ను ఫోటో తీసి ఫిర్యాదుకు జత చేయండి.

"అన్‌లిమిటెడ్" ప్లాన్‌లో ఉండి నెలాఖరున మాత్రమే వేగం పడిపోతుంటే కారణం వేరు. అటువంటి ప్లాన్లలో ఒక పరిమితి దాటాక వేగం తగ్గిస్తారు. ఆ పరిమితి ఎంత, దాటాక వచ్చే వేగం ఎంత అన్నది ప్లాన్ వివరాల్లో ఉండాలి. మన దేశంలో ఇప్పుడు కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంటున్నారు. 2023కు ముందు 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్, ఉన్నా ఆ పేరు చెల్లేది. ఆఫీసు పనిచేసే ఇంటికి ఆ 2 కూడా ఏ మూలకూ చాలదు కాబట్టి, ప్లాన్ ఎంచుకునేటప్పుడు పైకి కనిపించే వేగంతోపాటు పరిమితి దాటాక మిగిలే వేగాన్ని కూడా చూసుకోండి.

ప్రశ్న: నెలవారీ కన్నా చవక అని ఏడాది డబ్బు ఒకేసారి కట్టాను. మూడో నెలలో ఉద్యోగం మారి బీటీఎం లేఅవుట్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వచ్చేశాను. కొత్త ఇంటి దగ్గర ఆ కంపెనీ లైన్ లేదట. మిగిలిన తొమ్మిది నెలల డబ్బు ఇవ్వమంటే రూల్సు ఒప్పుకోవంటున్నారు. ఏం చేయాలి?
— ఒక యువకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వాళ్లు చెప్పే ఆ రూలు ఎక్కడ రాసి ఉందో చూపించమని ఈమెయిల్‌లో అడగండి. మీరు డబ్బు కట్టేముందు ఆ షరతును మీకు స్పష్టంగా చెప్పారా, లేదా అన్నది ఇక్కడ ముఖ్యం. కట్టిన రోజు వచ్చిన మెసేజి, జీఎస్టీ నంబరుతో ఉన్న బిల్లు, లైన్ లేదని వాళ్లే చెప్పిన జవాబు, ఈ మూడూ భద్రపరచండి. రౌటర్ కంపెనీదైతే దాన్ని తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వకపోతే ఆ పేరు చెప్పి డబ్బు ఆపుతారు. పైన హొరమావు పాఠకురాలికి చెప్పినట్టు డాకెట్ నంబరు, అప్పీలు పూర్తి చేయండి.

అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. టెలికాం కంపెనీల మీద అక్కడ కేసు నడవదని కొందరు చెబుతుంటారు. ఆ సందేహాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పుతో తీర్చేసింది. టెలికాం సేవల్లో లోపాలపై వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఇప్పుడుంటున్న చోటే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. తొమ్మిది నెలల డబ్బు కోసం అంత దూరం ఎందుకని మీకు అనిపించవచ్చు. నోటీసు అందగానే రాజీకి వచ్చే కంపెనీలు ఉన్నాయి. అందుకే ముందు పదిహేను రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఒకటి పంపి చూడండి.

అద్దె ఇళ్లలో ఉండేవారు, ముఖ్యంగా ఉద్యోగాల కోసం కొత్తగా వచ్చిన పిల్లలు, ఏడాది ప్లాన్ తీసుకోకపోవడమే మంచిది. మూడు నెలలకు, ఆరు నెలలకు కట్టే ప్లాన్లు దాదాపు అన్ని కంపెనీల దగ్గరా ఉంటాయి. ఏడాదికి కడితేనే ఇన్‌స్టలేషన్ చార్జీ మాఫీ అంటారు. ఇల్లు మారే అవకాశం ఉంటే ఆ చార్జీ కట్టి నెలవారీగా ఉండటమే తక్కువ నష్టం. కొత్త ఇంటికి అడ్వాన్సు ఇచ్చేముందు, ఆ భవనంలోకి ఏయే కంపెనీలు వస్తున్నాయో ఓనర్‌ను కాకుండా పక్క ఫ్లాటువాళ్లను అడగండి. నీళ్ల గురించి, పార్కింగు గురించి అడిగినట్టే ఇదీ అడిగి, ఆ తర్వాతే డబ్బు చేతికివ్వండి.